బైబిల్‌ను ఫోన్‌లో వినడం: యాప్ ఎంచుకోవడం నుంచి అలవాటు చేసుకోవడం దాకా

బైబిల్ యాప్ ఫోన్‌లో ఉన్నవాళ్లు చాలామందే. ఆదికాండము మొదటి అధ్యాయం దగ్గర ప్లే నొక్కి, నాలుగు రోజులు విని, నిర్గమకాండము సగంలో ఆపేసినవాళ్లూ అంతే మంది ఉంటారు. నేనూ రెండుసార్లు అలాగే ఆపేశాను. తర్వాత ఆలోచిస్తే కారణాలన్నీ చిన్నవే అనిపించాయి. స్క్రీన్ ఆఫ్ కాగానే ఆడియో ఆగిపోయేది. నెట్ లేనిచోట వినపడేది కాదు. రోజుకు మోయలేనంత భాగం పెట్టుకున్నాను. ఒక అరగంట కూర్చుని సరిచేసుకుంటే తీరిపోయే ఇబ్బందులివి. ఆ అరగంటలో ఏమేం చేయాలో, ఆ తర్వాత ఏం వినాలో, ఎలా వినాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. వినడమంటే చదవలేనివాళ్లు చేసే పని అని కొందరి అభిప్రాయం. పరిశుద్ధ గ్రంథం మొదట జనానికి అందింది చెవుల ద్వారానే. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదువుతుంటే స్త్రీ పురుషులందరూ నిలబడి విన్నారు. కొలొస్సయుల పత్రిక 4:16లో పౌలు తన పత్రికను సంఘంలో చదివి వినిపించమనీ, లవొదికయ సంఘం దాన్నీ చదవాలనీ చెబుతాడు. ప్రకటన గ్రంథం 1:3లో చదివేవాడితో పాటు వినేవారు కూడా ధన్యులని ఉంది. మనకు అలవాటైన అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధనలో ఇప్పుడున్న వచన సంఖ్యలను రాబర్ట్ ఎస్టియెన్ 1551లో అచ్చువేశాడు. అంతకుముందు వెయ్యేళ్లకు పైగా పత్రిక అంటే మొదటి పలకరింపు నుంచి చివరి ఆశీర్వాదం దాకా ఒకే మాటగా వినేదే. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఏం వినాలో నిర్ణయించుకునేటప్పుడు ఇది చాలా ఉపయోగపడుతుంది.

యాప్ ఎంచుకోవడం

ప్లే స్టోర్‌లో గానీ యాప్ స్టోర్‌లో గానీ ఆడియో బైబిల్ అని వెతికితే పదుల కొద్దీ యాప్‌లు కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి పేర్లు, బొమ్మలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే పేరు చూసి కాకుండా తయారుచేసినవారు ఎవరో చూసి ఎంచుకోండి.

రెండు యాప్‌ల పేర్లు నేను ధైర్యంగా చెప్పగలను. మొదటిది యూవర్షన్ వారి బైబిల్ యాప్. దీన్ని అమెరికాలోని లైఫ్ చర్చి 2008లో తెచ్చింది. ఇది ఉచితం, ప్రకటనలు ఉండవు. చదవడానికీ వినడానికీ రోజువారీ ప్రణాళికలకూ ఇది బాగుంటుంది. రెండోది బైబిల్ డాట్ ఈజ్. దీని వెనక ఉన్నది ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ అనే సంస్థ. లోకంలోని భాషల్లో బైబిల్ ఆడియో రికార్డు చేయడమే వారి ప్రధానమైన పని. రెండు వేలకు పైగా భాషల్లో వారి రికార్డింగులు ఉన్నాయి. వినడమే మీ ముఖ్య ఉద్దేశమైతే దీనితో మొదలుపెట్టండి. చదువుతూ వినాలనుకుంటే మొదటిది పెట్టుకోండి. రెండూ పెట్టుకున్నా ఫరవాలేదు, కానీ మొదటి నెల ఒక్కదానికే కట్టుబడి ఉండండి. వారానికో యాప్ మారిస్తే ఎక్కడ ఆపామో గుర్తుండదు.

వేరే యాప్ ఎంచుకుంటే వేసుకునే ముందు మూడు విషయాలు చూడండి. ప్రతి అధ్యాయం తర్వాత ప్రకటన వస్తుందని సమీక్షల్లో ఎవరైనా రాశారా? విలాపవాక్యములు వింటూ ఉండగా మధ్యలో ఆటల ప్రకటన మోగితే మనసు ఎలా చెదురుతుందో అనుభవించినవారికే తెలుసు. రెండోది, అది అడిగే అనుమతులు. వినిపించే యాప్‌కు మీ కాంటాక్ట్‌లతో గానీ లొకేషన్‌తో గానీ పని లేదు. అడిగితే కాదనండి. కాదంటే పనిచేయనని మొరాయిస్తే దాన్ని తీసేయండి. మూడోది, ఆ ఆడియో మనిషి గొంతా, యంత్రం చదివేదా అన్నది. కొన్ని యాప్‌లు రికార్డింగ్ లేకుండా ఫోన్‌లో ఉండే టెక్స్ట్ టు స్పీచ్ సాయంతో చదివిస్తాయి. ఒక నిమిషం వింటే తేడా తెలిసిపోతుంది. ప్రశ్న, వేదన, ఆజ్ఞ అన్నీ ఒకే స్వరంలో వస్తుంటే అది యంత్రమే. ఏదైనా ఒక వచనం సరిచూసుకోవడానికి అది చాలు. కీర్తనలు వినడానికి మాత్రం చాలదు.

భాష, అనువాదం, గొంతు

యాప్ తెరవగానే ఖాతా తెరవమని అడగవచ్చు. వినడానికి మాత్రమే అయితే సాధారణంగా ఆ అవసరం ఉండదు, దాటేయండి. ఫోన్ మార్చినా మీ ప్రణాళికలు, గుర్తులు ఉండాలనుకుంటే అప్పుడు తెరవండి.

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. యాప్‌లో రెండు భాషలుంటాయి. బటన్ల మీద, మెనూల్లో కనిపించే భాష ఒకటి. బైబిల్ అనువాదపు భాష మరొకటి. మొదటిది తెలుగుకు మార్చినంత మాత్రాన రెండోది మారదు. చదివే పేజీ మీద గ్రంథం పేరు పక్కన అనువాదం పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నొక్కి, భాషల జాబితాలో తెలుగు ఎంచుకోండి. అప్పుడు తెలుగు అనువాదాలన్నీ వస్తాయి.

వాటిలో అన్నింటికీ ఆడియో ఉండదు. యూవర్షన్‌లో ఆడియో ఉన్న అనువాదం పక్కన స్పీకర్ గుర్తు కనిపిస్తుంది. ఈ యాప్‌లో ఆడియో రావడం లేదు అనే ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడే పుడుతుంది: ఆడియో లేని అనువాదం తెరిచి ప్లే బటన్ కోసం వెతుకుతుంటారు. కొన్నింటికి కొత్త నిబంధన ఆడియో మాత్రమే ఉంటుంది. కాబట్టి ఆదికాండములో ఒకసారి, మత్తయిలో ఒకసారి తెరిచి చూడండి. కథోలిక సంఘానికి చెందినవారు తోబితు, యూదితు, మక్కబీయులు వంటి గ్రంథాలు ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. 66 గ్రంథాల అనువాదంలో అవి ఉండవు, 73 గ్రంథాలున్నది కావాలి.

ఏ అనువాదం వినాలి? బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురించే పాత అనువాదం చిన్నప్పటి నుంచి చెవిలో పడ్డవారికి మరొకటి రుచించకపోవచ్చు. దాని భాష గ్రాంథికానికి దగ్గర. ‘ఏలయనగా’, ‘గూర్చి’, ‘వలెను’ వంటి మాటలు పేజీ మీద చూసినప్పుడు బరువుగా అనిపిస్తాయి. మంచి గొంతులో వింటే మాత్రం ఆ బరువే ఒక లయగా మారుతుంది. కీర్తనలకు, యెషయాకు నేను ఇప్పటికీ పాత అనువాదమే వింటాను. రోమీయులకు రాసిన పత్రికలాంటి చోట, వాదన మీద వాదన పేర్చుకుంటూ పోయే వాక్యాలు వింటుంటే కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో తెలియకుండా పోతుంది. అలాంటివాటికి వాడుక భాషకు దగ్గరగా ఉన్న అనువాదం ఎంతో మేలు. కొత్తగా మొదలుపెట్టేవారూ వాడుక భాషలో ఉన్నదే తీసుకోండి. తర్వాత పాత అనువాదానికి వెళ్తే అప్పటికే కథ తెలిసి ఉంటుంది కాబట్టి మాటలు ఇబ్బంది పెట్టవు.

ఆడియో కూడా రెండు రకాలు. ఒకే గొంతు మొదటి నుంచి చివరి దాకా చదివేది ఒకటి. ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టి, వెనక సంగీతం, తుఫాను హోరు, జనసమూహపు చప్పుడు కలిపి నాటకంలా చేసినది ఇంకొకటి. సువార్తలు, అపొస్తలుల కార్యములు, రాజుల గ్రంథాలు నాటకంలా వింటే కళ్లకు కట్టినట్టు ఉంటాయి. పిల్లలు కూడా కదలకుండా వింటారు. కానీ వినికిడి తక్కువగా ఉన్నవారికి, హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నవారికి వెనక సంగీతం మాటను మింగేస్తుంది. వారికి ఒకే గొంతుది పెట్టండి. పత్రికలకు కూడా నాకు ఒకే గొంతే నచ్చుతుంది. ఒక మనిషి రాసిన ఉత్తరం ఒక మనిషి చదివినట్టే వినపడాలి.

యాప్‌లో రెండూ ఉంటే యోహాను సువార్త 4వ అధ్యాయం ఒక్కోదానిలో రెండు నిమిషాలు విని చూడండి. బావి దగ్గర యేసుకూ సమరయ స్త్రీకీ మధ్య జరిగిన ఆ సంభాషణలో మాటల వెంట మాటలు వస్తాయి. ఎవరు మాట్లాడుతున్నారో మీకు తికమక లేకుండా తెలుస్తుంటే ఆ ఆడియో మీకు సరిపోయినట్టే.

డౌన్‌లోడ్

పూర్తి బైబిల్ వినడానికి, భాషనూ చదివేవారి వేగాన్నీ బట్టి, సుమారు 70 నుంచి 90 గంటలు పడుతుంది. కొత్త నిబంధన ఒక్కటే అయితే 20 గంటలు వేసుకోండి. మాట వినిపించే ఆడియోలో సాధారణంగా కనిపించే 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) నాణ్యతలో గంటకు దాదాపు 29 ఎంబీ అవుతుంది. అంటే కొత్త నిబంధన మొత్తం 600 ఎంబీకి అటూ ఇటూ, పూర్తి బైబిల్ రెండు జీబీకి కాస్త పైన. రోజుకు పావుగంట నెట్ మీద వింటే ఏడు ఎంబీ దాకా ఖర్చవుతుంది, అది పెద్దదేం కాదు. కాబట్టి డౌన్‌లోడ్ చేసుకోమని చెప్పడం డేటా ఆదా కోసం కాదు. సిగ్నల్ పోయినప్పుడు వినడం తెగిపోకూడదని.

ఇక్కడ జాగ్రత్త అవసరం. చాలా యాప్‌లలో డౌన్‌లోడ్ అనే బటన్ అక్షరాలను మాత్రమే దించుతుంది, ఆడియోను కాదు. ప్రయాణంలో సగం దూరం వెళ్లాక ఈ సంగతి తెలిస్తే చేసేదేం లేదు. బైబిల్ డాట్ ఈజ్‌లో ఆడియో దించుకునే వీలుంది. మీరు వాడే యాప్ ఏదైనా సరే, పరీక్ష ఒకటే. ఇంట్లో వైఫై మీద ఒక చిన్న గ్రంథం దించండి. తర్వాత ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, యాప్ పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి ప్లే నొక్కండి. వినపడితే నిజంగా దిగినట్టు.

ఒకేసారి 66 గ్రంథాలూ దించకండి. రాబోయే నెలలో వినబోయేవి చాలు. విన్నవి తీసేస్తూ పోతే ఫోన్ నిండదు. అలా దించుకున్న ఆడియోను విడి ఫైళ్లుగా తీసి గ్రూపుల్లో పంచాలనిపిస్తుంది. రికార్డింగులకు హక్కుదారులు ఉంటారు. పంచాలంటే యాప్‌లో ఉండే షేర్ లింకు వాడండి.

మధ్యలో ఆగకుండా చేయడం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్క్రీన్ ఆఫ్ అయిన కొద్దిసేపటికి ఆడియో ఆగిపోతుంటే తప్పు చాలావరకు యాప్‌ది కాదు. బ్యాటరీ మిగల్చడానికి ఫోనే దాన్ని నిద్రపుచ్చుతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, మీ బైబిల్ యాప్ తెరిచి, బ్యాటరీ అన్నచోట అన్‌రిస్ట్రిక్టెడ్ ఎంచుకోండి. ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఈ పేరు కొద్దిగా మారుతుంది కానీ వెతకాల్సింది అక్కడే. యాప్ నోటిఫికేషన్లను పూర్తిగా ఆపేయకండి, లాక్ స్క్రీన్ మీద ప్లే, పాజ్ బటన్లు కనిపించకుండా పోవచ్చు. రోజువారీ గుర్తుచేసే సందేశాలు వద్దనుకుంటే వాటిని మాత్రమే ఆపండి.

వినేటప్పుడు మిగతా యాప్‌ల మోత రాకుండా డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోండి. ఒక్క మెసేజ్ శబ్దం చాలు, కొండమీది ప్రసంగం మధ్యలో మనసు ఎటో పోతుంది. వాహనం నడుపుతూ వినేవారు బండి కదలకముందే అంతా పెట్టుకుని ఫోన్ పక్కన పెట్టేయాలి.

పడుకునే ముందు వినేవారికి స్లీప్ టైమర్ తప్పనిసరి. అది లేకపోతే మనం నిద్రలో ఉండగానే ఇరవై అధ్యాయాలు నడిచిపోతాయి. మర్నాడు ఎక్కడ ఆపామో వెతుక్కోవడంతోనే విసుగొస్తుంది. యూవర్షన్‌లో ప్లేయర్ తెరిస్తే టైమర్ కనిపిస్తుంది. మీ యాప్‌లో అది లేకపోతే, ఐఫోన్‌లో క్లాక్ యాప్‌లోని టైమర్‌లో అలారం శబ్దానికి బదులు స్టాప్ ప్లేయింగ్ ఎంచుకుంటే సమయం కాగానే ఆడియో ఆగిపోతుంది.

వేగం గురించి నా అభిప్రాయం గట్టిదే. ఒకటిన్నర రెట్ల వేగంతో బైబిల్ పూర్తిచేశానని చెప్పుకోవడం వల్ల ఏం ఒరగదు. కథ నడిచే గ్రంథాలకు మామూలు వేగం చాలు. వాదన నడిచే పత్రికలకు 0.8 లేదా 0.9కి తగ్గించండి. యోహాను మొదటి పత్రికలాగా ఒకే మాట తిరిగి తిరిగి వచ్చేచోట ఆ కాస్త నిదానం వల్లే తేడా పట్టుకోగలం. వేగం పెంచుకోదగ్గ భాగాలు కొన్ని లేకపోలేదు. సంఖ్యాకాండము 7వ అధ్యాయంలో పన్నెండు గోత్రాల ప్రధానులు ఒకే రకమైన అర్పణను పన్నెండు రోజులు తెస్తారు, 89 వచనాలు. దినవృత్తాంతములు మొదటి గ్రంథంలో మొదటి తొమ్మిది అధ్యాయాల్లో ఎక్కువ భాగం వంశావళులే. వాటిని 1.25లో విన్నా తప్పులేదు. అయితే ఒక్కసారైనా మామూలుగా వినండి. ప్రతి గోత్రం పేరూ విడివిడిగా, ఎవరినీ వదలకుండా పలకడంలో ఉన్న గౌరవం చెవికే తెలుస్తుంది.

ఏం వినాలి

ఏడాదిలో బైబిల్ పూర్తి అనే ప్రణాళికతో మొదలుపెట్టవద్దని నా సలహా. 66 గ్రంథాల్లో 1189 అధ్యాయాలున్నాయి. 365 రోజులకు పంచితే రోజుకు మూడు, నాలుగు వస్తాయి. ఒక్కో అధ్యాయం సగటున నాలుగు నిమిషాలు కాబట్టి రోజుకు పావుగంట. లెక్కకు తేలికే. కానీ నాలుగు రోజులు తప్పితే గంట బాకీ పడుతుంది. ఆ బాకీ తీర్చడానికి వినేది చెవిలో పడుతుందే గానీ మనసులోకి వెళ్లదు.

చిన్న పత్రికతో మొదలుపెట్టండి. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. పావుగంటకు కాస్త అటూ ఇటూ. దాన్ని మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆపకుండా వినండి. రేపు మళ్లీ అదే. ఎల్లుండి కూడా అదే. ఏడు రోజులు. ఫిలిప్పీలో ఉన్న విశ్వాసులు ఆ ఉత్తరం మొదట ఇలాగే, ఒకే ఊపులో విని ఉంటారు. మొదటి రోజు మనకు తెలిసిన వచనాలే వినపడతాయి. మూడో రోజుకు ఇది బంధకాల్లో ఉన్న మనిషి రాసినదని గుర్తుకొచ్చి, సంతోషం అన్న మాట వచ్చిన ప్రతిసారీ ఆగి చూడాలనిపిస్తుంది. ఐదో రోజుకు పౌలుకు సాయంగా వచ్చిన ఎపఫ్రొదితు జబ్బు గురించీ, ఇద్దరు స్త్రీలకు మధ్య వచ్చిన విభేదం గురించీ రాసిన మాటలు పట్టించుకుంటాం. చదివేటప్పుడు ఈ పేర్లను నేను ఏళ్ల తరబడి దాటేశాను.

తర్వాత మార్కు సువార్త. పదహారు అధ్యాయాలు, నాలుగు సువార్తల్లో చిన్నది. సుమారు రెండు గంటల సమయం దొరికిన ఒక రోజు చూసుకుని ఒకే కూర్చోవడంలో వినండి. వీలుకాకపోతే ఎనిమిదో అధ్యాయం చివర ఒకసారి ఆగి మర్నాడు మిగతాది. యేసు ఎవరని పేతురు ఒప్పుకునేది ఆ అధ్యాయంలోనే. అక్కడి నుంచి కథ యెరూషలేము వైపు తిరుగుతుంది.

ఈ రెండూ అయ్యాక ప్రణాళిక పెట్టుకోవచ్చు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక్కటి చొప్పున వింటే 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది. మిగిలిన రెండు రోజులు తప్పినవాటికి, మళ్లీ వినాలనిపించినవాటికి. ఇంత ఉదారమైన లెక్క మరొకటి నాకు కనిపించలేదు. సామెతల్లో 31 అధ్యాయాలు, కాబట్టి తేదీ ఏదైతే ఆ అధ్యాయం. కీర్తనలు 150, రోజుకు ఐదు చొప్పున నెల. 119వ కీర్తన ఒక్కటే 176 వచనాలు, దానికి విడిగా ఒక రోజు ఇవ్వండి. కీర్తనలు వింటున్నప్పుడు మధ్యలో ‘సెలా’ అని వినపడుతుంది. ఆ మాటకు అర్థం కచ్చితంగా తేలలేదు, కాసేపు ఆగమనే సూచన కావచ్చని కొందరు పండితులంటారు. నేను అక్కడ పాజ్ నొక్కి ఒక శ్వాస తీసుకుంటాను.

వినేటప్పుడు

వినడంలో ఉన్న కష్టం ఒకటే. చదువుతుంటే మనసు పక్కకు పోతే కన్ను ఆగిపోతుంది. ఆడియో మన కోసం ఆగదు. దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, కళ్లూ చెవులూ కలిపి వాడటం. యాప్‌లో వచనాలు కనిపిస్తుంటే వాటిని అనుసరిస్తూ వినండి, లేదా అచ్చు బైబిల్ తెరిచి పెట్టుకోండి. అనువాదం రెండింటిలోనూ ఒకటే ఉండాలి, లేకపోతే మాటలు ఢీకొని చిరాకొస్తుంది. రెండోది, చేతులకు మాత్రమే పనిచెప్పి వినడం. బట్టలు మడతపెట్టడం, నడవడం లాంటి ఆలోచన అక్కరలేని పనులు దీనికి సరిపోతాయి. మెసేజ్‌లు చూస్తూ మాత్రం వినలేం. మనసు తప్పిపోయిందని గమనిస్తే వెనక్కి జరిపే బటన్ నొక్కండి. అధ్యాయంలో సగం పోయిందంటే మొదటి నుంచి పెట్టండి, మూడు నాలుగు నిమిషాలే కదా.

విన్న తర్వాత వెంటనే మరో అధ్యాయం మొదలుకాకుండా చూసుకోండి. వరుసగా వినిపించే ఆటోప్లేను ఆపే వీలుంటే ఆపండి. లేకపోతే టైమర్‌ను వాడుకోండి. ఆ నిశ్శబ్దంలో నిలిచిపోయిన ఒక్క వచనం ఏదో చూసుకుని, యాప్‌లో దాన్ని వేలితో నొక్కి రంగు గుర్తు పెట్టండి. కుటుంబ ప్రార్థనలో స్పీకర్ మీద వింటే కూడా ఇంతే. ఒక అధ్యాయం, కాసేపు మౌనం, ఆ తర్వాత ఒక్కొక్కరూ తమకు గుర్తున్న మాట చెప్పడం. వివరించే పని ఎవరికీ పెట్టకండి. చిన్నపిల్లలు చెప్పేవి పెద్దవాళ్లు వదిలేసినవే అయి ఉంటాయి చాలాసార్లు.

పెద్దవాళ్లకు అమర్చి ఇచ్చేటప్పుడు

కంటిచూపు తగ్గినవారికి ఈ యాప్ ఎంత ఆసరానో మా అమ్మను చూశాక తెలిసింది. మొదట ఆమెకు ఫోన్ ఇచ్చి అన్నీ వివరంగా చెప్పాను. మర్నాటికి ఏదీ గుర్తులేదు, అడగడానికి మొహమాటపడి ఊరుకుంది. వివరించడం తగ్గించి, ఫోన్‌నే ఆమెకు అనువుగా మార్చాక సమస్య తీరింది.

హోమ్ స్క్రీన్ మొదటి పేజీలో మిగతావన్నీ తీసేసి బైబిల్ యాప్, ఫోన్ చేసే గుర్తు మాత్రం ఉంచండి. అక్షరాల సైజు ఫోన్ సెట్టింగ్స్‌లోనూ యాప్‌లోనూ పెంచండి. ఇష్టమైన గ్రంథాలు ముందే దించి, వైఫై లేకుండా వినపడుతున్నాయో లేదో పరీక్షించండి. వేళ్లు తగిలి వేరే యాప్‌లోకి వెళ్లిపోతుంటే ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ పెడితే స్క్రీన్ ఆ ఒక్క యాప్ మీదే నిలుస్తుంది. అత్యవసరంగా ఫోన్ చేయాల్సి రావచ్చు కాబట్టి దాని నుంచి బయటికి రావడం వారికి నేర్పకుండా ఇది పెట్టకండి. చూపు పూర్తిగా లేనివారికి స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్‌లో) లేదా వాయిస్ ఓవర్ (ఐఫోన్‌లో) కావాలి. దాన్ని మీరు ముందు కళ్లు మూసుకుని పది నిమిషాలు వాడి చూసి, ఆ తర్వాత నేర్పండి.

బటన్లున్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి జతచేస్తే మరీ సుఖం. చాలా స్పీకర్లలో ఫోన్ ముట్టుకోకుండానే ఒక బటన్‌తో మొదలవుతుంది, అదే బటన్‌తో ఆగుతుంది. ఆ బటన్ మీద చేతికి తగిలేలా చిన్న బట్టముక్క గానీ మందపాటి స్టిక్కర్ గానీ అతికించండి. వారం రోజులు రోజూ ఒకసారి అడగండి: ఈరోజు ఏం విన్నారు? ఎక్కడిదాకా వచ్చింది? సమాధానం రాకపోతే ఎక్కడో ఏదో ఆగిందని అర్థం, వెళ్లి ఫోన్ చూడండి.